కిరాయి ఆవు

"...ఇంట్ల ఆవును కట్టేసుకొని, ఇంకొకని ఆవును కిరాయికి మాట్లాడిన్నంటున్నవ్. నవ్వరా జనం?"

"మెల్లగ మాట్లాడు. అమ్మ కొట్టంల ఉన్నది."

"ఉంటే? ఎన్ని దినాలు దాస్తవ్? శుక్రవారం పొద్దుగాల ఆ ఆవు లిఫ్టు దిగినంక చెప్తవా?"

"ఆ టైముకు అమ్మ కొత్తింటికాడ ఉండది, ప్రియా. తొమ్మిదింటికి వస్తది. పాలు పొంగినంక. పద్ధతి గదా."

కొట్టంలో సీతాబాయి పాలు వడగడుతోంది. గోడకు ఇవతల ఆవు, అవతల వంటిల్లు. మధ్యనున్న కిటికీకి రెక్కల్లేవు, గోనెపట్టా వేలాడుతుంటుంది. గోనెపట్టా ఈగలను ఆపుతుంది గాని మాటలను ఆపదు. ఆమె వడగట్టిన గుడ్డను ఒకసారి పిండి, ఇంకా పిండడానికేమీ లేకపోయినా మళ్ళీ పిండింది.

"ఏ ఆవట?" అంది కోడలు ప్రియదర్శిని.

"పుంగనూరుది. ఆన్‌లైన్‌ల బుక్ చేసిన. ఆవు, దూడ, పూలదండ, కింద పరిచే పట్టా, పంతులు, అన్నీ ఏజెన్సీవే. ఫోటోల్ల మంచిగొస్తది."

"మన గౌరి ఫోటోల్ల రాదా?"

బయట కొడుకు మధుకర్ బైకు స్టార్టయిన చప్పుడు వినిపించింది. సీతాబాయి గౌరి వీపు మీద అరచేయి ఆనించి అలాగే నిలబడింది. ఆవు తల తిప్పి ఆమె మోచేతిని నాకి, మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది.

నానక్‌రామ్‌గూడ పాత ఊళ్ళో ఆ ఇంటిని అడిగితే ఎవరైనా చూపిస్తారు. షేరింగ్ ఆటోలు ఆగేచోటి నుంచి రెండో గల్లీ. సీతాబాయికి యాభై ఎనిమిదేళ్ళు. చుట్టూ లేచిన టవర్లలో కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళలో చాలామంది ఇళ్ళలోకి మొట్టమొదట అడుగుపెట్టింది ఆమె ఆవే. కొత్త ఇంట్లోకి మనుషులకన్నా ముందు ఆవు వెళ్ళాలి, వెనక దూడ వెళ్ళాలి, ఆ వెనక ఇంటివాళ్ళు. ఊళ్ళో ఇది పెద్ద పని కాదు. ఇరవై ఏడో అంతస్తులో పని. ఆ పనే సీతాబాయి బతుకుదెరువు.

మొదలైంది పదిహేనేళ్ళ కింద. అప్పుడు మొగుడు పోచయ్య ఉన్నాడు, నాలుగు బర్రెలు, ఒక ఆవు ఉన్నాయి. ఒకనాడు ఇంకా తెల్లారకముందే గల్లీలోకి పెద్ద కారు వచ్చి ఇరుక్కుంది. పట్టుపంచె కట్టుకున్న కుర్రాయన దిగి, "ఏమండీ, ఆవుందాండీ?" అన్నాడు. పోచయ్య కళ్ళు నులుముకుంటూ, "ఎన్ని లీటర్లు గావాలె సారు?" అన్నాడు. "పాలు కాదండీ. ఆవు. గంటలో ముహూర్తం. మాట్లాడుకున్న ఆవు రాలేదండీ." కాకినాడ దిక్కు మనిషి. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పోచయ్య, సీతాబాయి ఆవును నడిపించుకుంటూ ఆ టవరు దాకా పోయారు. లిఫ్టులో గోడంత అద్దం. ఆవు అద్దంలో ఇంకో ఆవును చూసి కొమ్ములు దించింది. సీతాబాయి కొంగు విప్పి అద్దానికి అడ్డంగా పట్టుకుంది. పన్నెండో అంతస్తు దాకా అలా పట్టుకునే నిలబడింది.

అద్దానికి గుడ్డ కట్టడం ఆ రోజు నేర్చిన పాఠం. మిగతావి ఒక్కొక్కటే వచ్చాయి. ముందురోజు మధ్యాహ్నం నుంచి పచ్చిగడ్డి పెట్టకూడదు, ఎండుగడ్డి మాత్రమే. నున్నటి టైల్సు మీద జారకుండా గిట్టలకు గోనెగుడ్డ చుట్టి, గడప ముందు విప్పాలి. తోక మీద ఎప్పుడూ ఒక కన్నుండాలి, చేతిలో బకెట్ ఉండాలి. ఎందుకంటే ఆవు పెండ వేసే చోటును బట్టి దానికి విలువ. గడప దాటినాక వేస్తే శుభం, ఆడవాళ్ళు దండం పెట్టుకుంటారు. అదే పెండ లిఫ్టులో పడితే అసోసియేషన్ నుంచి మనిషి వస్తాడు.

ప్రతి ఇంట్లో గౌరి వీపు మీద రవికెగుడ్డ కప్పుతారు. ఆ గుడ్డలన్నీ సీతాబాయి దగ్గరకే వస్తాయి. వాటితో ఆమె బొంతలు కుట్టింది. చలికాలంలో మధుకర్, ప్రియదర్శిని కప్పుకునే బొంతలో కొండాపూర్ ఉంది, మణికొండ ఉంది, కోకాపేట ఉంది. ఏ ముక్క ఏ ఇంటిదో ఆమె చెప్పగలదు.

పోచయ్య తొమ్మిదేళ్ళ కింద పోయాడు. మూడు నెలలు సీతాబాయి ఆవు పని బందు పెట్టింది. నాలుగో నెలలో గచ్చిబౌలి నుంచి పిలుపు వస్తే పోయింది. పంతులు రామచంద్రంగారు, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనిషి, అప్పటికే చాలా ఇళ్ళలో ఆమెతో కలిసి పనిచేసినవాడు. గడప ముందు ఆవు గిట్టల గుడ్డలు విప్పుతుంటే, లోపలి నుంచి ఒక పెద్దావిడ పంతుల్ని పక్కకు పిలిచింది. గొంతు తగ్గించే మాట్లాడింది. అయినా సీతాబాయికి వినపడింది. ఆమె బోసి నొసలు గురించి మాట. రామచంద్రం ఎలా చెప్పాలో తెలియక శాలువా సవరించుకుంటూ వస్తున్నాడు. ఆయన నోరు తెరవకముందే సీతాబాయి తాడు తీసి ఇంటాయన చేతిలో పెట్టింది.

"తాడు ఇంటి యజమాని పట్టుకోవాలె సారు. కొత్తింట్లకు పోయేటప్పుడు ఆవు యజమాని చెయ్యి గుర్తువట్టాలె. మా దిక్కు గిదే పద్ధతి."

అటువంటి పద్ధతి ఏ దిక్కూ లేదు. అప్పుడే, అక్కడే, ఆమె నోటి నుంచి వచ్చింది. ఇంటాయన సంబరంగా తాడు పట్టుకున్నాడు. ఫోటో తీశారు. సీతాబాయి బకెట్ పట్టుకొని కారిడార్లో, చుట్టాల చెప్పుల మధ్య నిలబడింది.

తరువాత ఎవరూ అనకముందే ప్రతి గడప దగ్గరా ఆమె ఆ మాట తనే చెప్పడం మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి రామచంద్రం ఆ పద్ధతిని ఇంటివాళ్ళకు తనే వివరించసాగాడు, రెండు శ్లోకాలు కూడా జోడించి. మిగతా ఆవులవాళ్ళూ అందుకున్నారు. ఇప్పుడు ఔటర్ రింగు రోడ్డుకు ఇటువైపు ఏ కొత్త ఇంట్లో చూసినా, యజమాని ఆవు తాడు పట్టుకొని నవ్వుతున్న ఫోటో గోడ మీద ఉంటుంది. తొమ్మిదేళ్ళలో సీతాబాయి చూసినవన్నీ తలుపులే. టేకు తలుపులు, చెక్కిన ఏనుగుల తలుపులు, తాళంచెవి లేకుండా వేలు పెడితే తెరుచుకునే తలుపులు. ఏ ఇంటి కిటికీలోంచి ఏం కనిపిస్తుందో ఆమెకు తెలియదు.

ఇప్పుడు ఆమెకే ఒక ఇల్లు వచ్చింది. తెల్లాపూర్‌లో, చుట్టూ గోడ, గేటు, తోటా ఉన్న సముదాయంలో, సి బ్లాకులో 304. గల్లీ రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆమె ఇంటి ముందు గదులు రెండూ పోయాయి. వెనక గది, వంటిల్లు, కొట్టం మిగిలాయి. పోయినవాటికి వచ్చిన పైకం మీద మధుకర్, ప్రియదర్శిని బ్యాంకు లోను వేసి రెండు పడకగదుల ఫ్లాటు కొన్నారు. మధుకర్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక టవరుకు షిఫ్టు సూపర్‌వైజరు. ప్రియదర్శిని కార్ల షోరూంలో ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది. రిజిస్ట్రేషను రోజున సీతాబాయి చేత చాలాచోట్ల సంతకాలు పెట్టించారు. కాగితం రాసినాయన పైకి చదివాడు: "మొదటి కొనుగోలుదారు సీతాబాయి, భర్త కీర్తిశేషులు పోచయ్య." ఆ కాగితంలో కూడా ఆమె మొగుడు పోయిన మనిషే. అయినా మొదటి పేరు ఆమెదే. ఆ మాట ఆమె ఇంటికొచ్చేదాకా మనసులో తిప్పుకుంటూనే వచ్చింది.

కొట్టం ఎలాగూ ఉంటుంది కనుక, తెల్లాపూర్ నుంచి రోజూ పొద్దున్నే వచ్చి ఆవును చూసుకుంటానని ఆమె అనుకుంది. గృహప్రవేశానికి గౌరే అని ఆమె అంటే మధుకర్ మాట మార్చాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

మంగళవారం మధ్యాహ్నం ఫోను మోగింది. గోవిందప్ప. ఇళ్ళకు ఆవులను పంపే ఏజెన్సీ నడుపుతాడు. సొంతానికి నాలుగు పుంగనూరు ఆవులున్నాయి. ముహూర్తాలు ఎక్కువైతే సీతాబాయి లాంటివాళ్ళను పిలుస్తుంటాడు.

"అమ్మా, శుక్రవారం పొద్దున ఖాళీగా ఉండావా? నా నాలుగు ఆవులూ అయిపోయినాయి. ఒక పార్టీ మిగిలిపోయింది."

"యాడ?"

"తెల్లాపూరు. సి బ్లాకు, 304. పార్టీ పేరు మధుకర్. ఐదూ నలభైకి ముహూర్తం."

సీతాబాయి కొట్టం అరుగు మీద కూర్చుంది.

"వినపడతాందా అమ్మా? వాళ్ళు పుంగనూరే కావాలన్నారు. నీదీ పొట్టిదే కదా. మెళ్ళో దండ వేస్తే ఎవురికి తెలుస్తాది?"

"ఆవు ఎవలదో ఆళ్ళకు చెప్పినవా?"

"ఎందుకు చెప్తా? ఏజెన్సీ ఆవు. అంతే."

"ఐతే వస్త," అంది సీతాబాయి.

రెండు రోజులు ఆమె ఇంట్లో ఏమీ అనలేదు. గురువారం సాయంత్రం మధుకర్ వచ్చి ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టుకొని వచ్చినప్పుడు ఇలాగే కూర్చునేవాడు.

"అమ్మా, రేపు నువ్వు జర నిమ్మళంగ తొమ్మిదింటికి రా. ఆటో పంపిస్త."

"మరి ఆవు?"

"ఆవును... ఏజెన్సీ వాళ్ళు చూసుకుంటరు. నువ్వేం పరేషాన్ కావొద్దు."

"మంచిది."

"ఏమనుకోవు గదా?"

"నాకు గూడ రేపు పొద్దుగాల పనున్నది. వేరే ఇల్లు."

మధుకర్ ముఖంలో ఒక బరువు దిగినట్టయింది. దిగినందుకు సిగ్గుపడినట్టూ అయింది. "రేపా? యాడ?"

"తెల్లాపూర్ దిక్కే."

"ఐతే ఆ పని చూసుకొని అట్నుంచటే రా," అన్నాడు.

గది గుమ్మంలో కొత్త చీరలు మడతపెడుతున్న ప్రియదర్శిని చేతులు ఆగాయి. "ఏ బ్లాకు అత్తమ్మా?" అంది.

"పోయినంక చూడాలె, బిడ్డా."

కోడలు అత్తను కాసేపు చూసింది. మడతల్లోంచి ముదురాకుపచ్చ చీర తీసి తెచ్చి ఒళ్ళో పెట్టింది. "ఇది తొమ్మిదింటికి కట్టుకుంటవని తెచ్చిన. రేపు పొద్దుగాల్నే కట్టుకో," అని, ఇంకేమీ అడగకుండా లోపలికి పోయింది.

శుక్రవారం నాలుగింటికల్లా వాళ్ళిద్దరూ కారు మాట్లాడుకొని వెళ్ళిపోయారు. వాళ్ళు గల్లీ మలుపు తిరిగాక సీతాబాయి గౌరికి, దూడకు వేపాకు నీళ్ళతో కాళ్ళు కడిగింది. పనికి పోయేటప్పుడు కట్టే పాతచీర దండెం మీదే ఉంచి, ఆకుపచ్చ చీర కట్టుకుంది. ట్రాలీ ఆటో గోపనపల్లి మీదుగా తెల్లాపూర్ చేరేసరికి తూర్పున క్రేన్ల వెనక కాస్త వెలుగు వచ్చింది.

గేటు దగ్గర గార్డు చేయి అడ్డం పెట్టాడు. మీసాలు నెరిసిన మనిషి, ఈ నెలే చేరాడు.

"ఎక్కడికమ్మా?"

"సి బ్లాకు, 304."

"ఆవుకి పర్మిషనుంది, రాసుంది. కానీ లోపలికి వదిలేముందు ఓనరుకి ఫోను చెయ్యాలమ్మా. రూలు." పుస్తకంలో నంబరు వెతికి నొక్కాడు.

సీతాబాయి నడుముకున్న సంచిలో ఫోను మోగింది. తీసి చెవికి పెట్టుకుంది.

"హలో మేడం, మెయిన్ గేటు నుంచండి. మీ ఫ్లాటుకి ఆవు వచ్చింది. పంపించమంటారా?"

"పంపుండ్రి."

గార్డు ఫోను చెవి నుంచి దించి, ఆమెను చూసి, మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు. "మేడం?"

"పంపుండ్రి అన్న గదన్నా. ముహూర్తం దాటుతది."

అతను పుస్తకంలోకి వంగి చూశాడు. ఓనరు పేరు దగ్గర వేలు పెట్టాడు. "సీతాబాయి అంటే..."

"నేనే."

"మరి ఆవు?"

"అదీ నాదే."

గార్డుకు నవ్వాగలేదు. గేటు ఎత్తి, "ఓనరైతే మీరు మెయిన్ లిఫ్టులో పోవచ్చమ్మా. ఆవు మాత్రం సర్వీసు లిఫ్టులో పోవాలి," అన్నాడు.

"ఆవు యాడుంటె నేనాడ," అంది సీతాబాయి.

సర్వీసు లిఫ్టులో అద్దం లేదు. రేకు గోడలు, మూలన సిమెంటు మరకలు. గౌరి అలవాటుగా ఎక్కి, అలవాటుగా మూలకు జరిగింది. దూడ తల్లి కడుపు కిందికి దూరింది. సీతాబాయి బకెట్‌ను ఎడమచేతిలోకి, తాడును కుడిచేతిలోకి మార్చుకుంది. ఎన్నోసార్లు ఇలా ఎక్కింది. ఆవుతో తన ఇంటికి ఎక్కడం మాత్రం ఇదే మొదటిసారి.

మూడో అంతస్తు కారిడార్లో పాతికమంది దాకా ఉన్నారు. 304 తలుపుకు మామిడాకులు కట్టి ఉన్నాయి. గడపకు పసుపు పూసి ఉంది. పక్కన చెప్పుల కుప్ప. మధుకర్ పట్టుపంచెలో, ప్రియదర్శిని కలశంతో నిలబడ్డారు. గిట్టల చప్పుడు విని అందరూ ఇటు తిరిగారు.

మధుకర్ ఆవును చూసి, తాడు పట్టుకున్న తల్లిని చూశాడు.

"ఏజెన్సీ పంపింది," అంది సీతాబాయి.

వెనకనుంచి ఎవడో బావమరిది వరస అయినవాడు, "బావా, మీ అమ్మనే ఆన్‌లైన్‌ల బుక్ చేసినవా? డిస్కౌంట్ గిట్ల ఇచ్చిన్రా?" అన్నాడు. రెండు మూడు నవ్వులు లేచి ఆగిపోయాయి.

తలుపు దగ్గర నిలబడ్డ రామచంద్రం మొహం విప్పారింది. "సీతాబాయిగారూ, మీరాండీ! గౌరి వచ్చిందంటే ఇంక నాకు బెంగ లేదు. ఆ చిన్నావులు మొన్న మియాపూర్లో నా కండువా నమిలేశాయండి. ఊఁ, పది నిమిషాలే ఉంది. తాడు యజమానికి ఇచ్చేయండి మరి."

సీతాబాయి వంగి గౌరి గిట్టల గుడ్డలు విప్పింది. ఒక్కొక్కటే విప్పి మడిచి సంచిలో పెట్టింది. మధుకర్ దగ్గరకొచ్చి పక్కనే గొంతుక్కూర్చున్నాడు. పట్టుపంచె నేలను తాకుతోంది.

"అమ్మా, తొమ్మిదింటికి రమ్మంటి గదా."

"ఇన్న. మొదటిదినమే ఇన్న, కొట్టంల."

అతను తల దించుకున్నాడు. "నీకు ఎర్కలేదు. గచ్చిబౌలిల ఒకపారి నిన్ను తీస్కపోనీకి వచ్చిన. పైకొచ్చి చూస్తే చెప్పుల నడుమ బకెట్ పట్టుకొని నిలవడ్డవ్. లోపట అందరు చాయ్ తాగుతున్నరు. నేను కనవడకుంట కిందికి దిగిపోయిన. మన ఇంటి ముంగట గూడ నిన్నట్ల చూడొద్దని..."

"అందుకని ఇంకొక ఆవును తెచ్చినవా?"

"ఇంకేం చెయ్యాలె?"

"లోపటికి రమ్మంటె అయిపోవు."

మధుకర్ కళ్ళెత్తి చూశాడు. ఆ ఆలోచన అతనికి ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదని ఆ చూపులోనే తెలిసింది.

ప్రియదర్శిని తల్లి శ్రీలత ముందుకొచ్చింది. మంచి మనిషి. సీతాబాయి మోచేయి మీద మెత్తగా చేయి వేసింది. "వదినా, నీ మనసు నాకెరుకే. గని పద్ధతులు మనం పెట్టుకున్నయి గావు గదా. పిల్లల మంచికే. జర పక్కకు నిలవడు. పాలు పొంగంగనే నేనే నిన్ను చెయ్యి పట్టుకొని తీస్కపోత."

"ఈ పద్ధతి నేను పెట్టిందే, వదినా."

"ఏదీ?"

"తాడు."

రామచంద్రం గడియారం చూసుకున్నాడు. "అమ్మా, వాదనలు తర్వాత. యజమాని తాడు పట్టుకోవడం మాత్రం నియమమేనండి. ఆ విషయంలో..."

"యజమాని అత్తమ్మనే, పంతులుగారు," అంది ప్రియదర్శిని. కలశం రెండు చేతులా పట్టుకొని ఉంది కనుక గడ్డంతోనే అత్తను చూపించింది. "రిజిస్ట్రేషన్ కాయితంల మొదటి పేరు ఆమెదే. మేము ఎన్కనే."

రామచంద్రం తేలికపడ్డాడు. "ఇది మీ ఇల్లా సీతాబాయిగారూ! చెప్పరేంటండీ మరి! అయితే చిక్కే లేదు. యజమాని చేతిలోనే తాడుంది. నియమం ప్రకారమే అంతా. పదండి, పదండి."

కారిడార్ కదిలింది. ఎవరో బాజాలవాళ్ళకు చెయ్యి ఊపారు. ఆ మాటతో అందరికీ సరిపోయింది. సీతాబాయి కదల్లేదు.

"నియమం ప్రకారం కాదు, పంతులుగారు."

బాజాలు ఆగాయి.

"తొమ్మిదేండ్ల కింద గచ్చిబౌలిల ఒక పెద్దమ్మ నా గురించి మీతోని ఒక మాటన్నది. మీరు నాకాడికి వచ్చి చెప్పేటిది నేను చూడలేక, తాడు ఇంటాయన చేతుల పెట్టి మా దిక్కు గిదే పద్ధతని చెప్పిన. గప్పటిదాంక గా పద్ధతి యాడ లేదు. మీకు గూడ ఎరుకే."

రామచంద్రం శాలువా సవరించుకున్నాడు. అదే శాలువా కాదు, అదే సవరించుకోవడం. "ఆవిడ ఆ రోజు..." అని మొదలుపెట్టి ఆపేశాడు. "ఎరుకేనండి," అన్నాడు.

"ఐతే ఇయ్యాల పేపరుల నా పేరున్నదని గాదు. గౌరి నాది, ఇల్లు నాది, కొడుకు నా కొడుకు. గందుకు లోపటికి పోతున్న."

శ్రీలత మోచేయి మీది చేయి తీసుకుంది. వెనక్కి జరిగింది. మధుకర్ లేచి నిలబడ్డాడు. అలవాటు కొద్దీ, ఫోటోలన్నిట్లో చూసినట్టే, తాడు కోసం చేయి చాపాడు. సీతాబాయి ఆ చేతిలో బకెట్ పెట్టింది.

"తోక మీద కన్నుంచు," అంది.

గౌరి గడప దగ్గర ఆగింది. పసుపు వాసన చూసింది. సీతాబాయి తాడు లాగలేదు, వదులుగా పట్టుకొని, "పదవే," అంది. గౌరి కుడికాలు లోపల పెట్టింది. పక్కనే సీతాబాయి కుడికాలు పెట్టింది. దూడ ఇద్దరి మధ్యలోంచి దూరి ముందుకు ఉరికింది.

హాలు ఖాళీగా ఉంది. సున్నం వాసన, అగరొత్తుల వాసన. ఎదురుగా పెద్ద కిటికీ. తొమ్మిదేళ్ళుగా తెలియని సంగతి, కిటికీలోంచి ఏం కనిపిస్తుందన్నది, ఇప్పుడు తెలిసింది. ఎదుటి బ్లాకు బాల్కనీలు, ఒక బాల్కనీలో ఆరేసిన తువ్వాలు, దాన్ని తీస్తూ ఆవును చూసి ఆగిపోయిన ఒకామె. ఆమె లోపలికి తిరిగి ఎవరినో పిలిచింది. వచ్చినాయన ఇటు చూసి దండం పెట్టాడు. ఆవుకో, సీతాబాయికో తెలియలేదు. ఆమె తలూపింది.

ఆ సమయంలోనే గౌరి తోక లేచింది. మధుకర్ బకెట్ పట్టుకొని ఉరికాడు. రెండడుగులు ఆలస్యమైంది. హాలు నట్టనడుమ, మెరిసే తెల్లటి టైల్సు మీద, పెండ పడింది.

"శుభం!" అని పాతికమంది ఒక్కసారే అన్నారు. శ్రీలత గొంతు అందరికన్నా గట్టిగా వినిపించింది. బాజాలు మళ్ళీ అందుకున్నాయి. మధుకర్ ఖాళీ బకెట్‌తో నిలబడి, తల్లిని చూసి, నవ్వాడో ఏడ్చాడో పంచె చెంగుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఇట్లనా నువ్వు తోక చూసేది?" అంది సీతాబాయి. "ఇగ కిరాయి ఆవు పనికి నువ్వు పనికిరావు."

పాలు పొంగాయి. ప్రియదర్శిని మొదటి గ్లాసు అత్తకు ఇచ్చింది. గౌరిని వంటింటి పక్కనున్న చిన్న బాల్కనీలో కట్టేశారు. అరగంట కన్నా ఎక్కువ ఆవు లోపల ఉండకూడదని అసోసియేషన్ రూలు. అరగంట దాటిపోయింది, ఎవరూ రాలేదు. బహుశా గేటు దగ్గర మీసాల మనిషి గడియారం చూడటం మరిచిపోయాడు.

రామచంద్రం ఫలహారం ముగించి, చేతులు కడుక్కొని, కండువాకు తుడుచుకుంటూ సీతాబాయి దగ్గరకొచ్చాడు. ఆమె కిటికీ కింద నేల మీద కాళ్ళు చాపుకొని కూర్చుంది. ఆయన కూడా కాస్త దూరంలో కూర్చున్నాడు.

"ఎల్లుండి ఆదివారం కోకాపేటలో ఒకటుందండి," అన్నాడాయన. "పంతొమ్మిదో అంతస్తు. పెద్ద ఇల్లు, మర్యాదస్తులు. గౌరే కావాలని అడిగారు. అయితే ఆ ఇంటి పెద్దావిడ కొంచెం పట్టింపు మనిషి. తాడు సంగతి... ఎప్పట్లాగే వాళ్ళబ్బాయి చేతికి..."

"తాడు నేనే పట్టుకొని లోపటికొస్త," అంది సీతాబాయి. "ముందుగాల్నే ఆళ్ళకు ఫోను చేసి చెప్పుండ్రి. వద్దంటె గౌరి రాదు."